ముందు ఈ బకెట్ పట్టుకోండి

పనిమీద ఇంటికొచ్చిన ఏ మనిషికైనా మా బాబాయి ముందు నీళ్ళిస్తాడు. గ్లాసుతో కాదు, బకెట్‌తో. తాగడానికీ కాదు, కాళ్ళు కడుక్కోవడానికీ కాదు. ఎడంచేత్తో పట్టుకుని నిలబడటానికి.

అది నీలంరంగు ప్లాస్టిక్ బకెట్. లోపల సగానికి కాస్త పైన ఎర్రరంగుతో ఒక గీత ఉంటుంది. నీళ్ళు సరిగ్గా ఆ గీత దాకా ఉండాలి. తగ్గితే బాబాయి ఒప్పుకోడు. ఎక్కువైతే ఒంపేస్తాడు. ఆ గీత ఎందుకని ఎవరైనా అడిగితే "అది లెక్క" అని ఊరుకుంటాడు.

బాబాయి చిన్న చిన్న షాపులకి వెబ్‌సైట్లు చేస్తాడు. వెబ్‌సైట్ మొత్తంలో ఆయన ప్రాణం పెట్టేది ఒక్క మెనూకే. మెనూ అంటే, వెబ్‌సైట్ తెరవగానే పైన వరసగా కనిపించే నాలుగు మాటలు. దేన్ని నొక్కితే ఎక్కడికి వెళతామో చెప్పేవి. షాపుకి తలుపు ఎలాగో వెబ్‌సైట్‌కి మెనూ అలాగని ఆయన నమ్మకం. అందుకే మెనూ తయారయ్యాక షాపు యజమానిని పిలిపించి, ఎడంచేతికి బకెట్, కుడిచేతికి ఫోన్ ఇచ్చి, "మీ షాపు నంబరు మీరే వెతకండి" అంటాడు. ఒక్క బొటనవేలితోనే వెతకాలి.

"కూర్చుని వెతకొచ్చా?" అని అడిగిన వాళ్ళున్నారు.

"మీకోసం వెతికేవాడు సోఫాలో కూర్చుని కాళ్ళూపుకుంటూ వెతుకుతాడనుకున్నారా?" అంటాడు బాబాయి. "వాడికి సవాలక్ష పనులు. నిలబడండి."

ఒక పళ్ళడాక్టరుగారు ఇలాగే ఇరుక్కున్నారు. తన మెనూ తనే రాసుకుని తెచ్చారాయన. స్వాగతం, మా ప్రస్థానం, మా దృక్పథం, అధినేత సందేశం, చిత్రమాలిక, ఇంకా ఏవేవో. బాబాయి బకెట్ అందించి, చెంప పట్టుకుని మూలిగాడు.

"అబ్బా, పన్ను నొప్పి. ఎప్పుడు రమ్మంటారో చూసి చెప్పండి డాక్టరుగారూ."

డాక్టరుగారి బొటనవేలు తడబడి 'అధినేత సందేశం' మీద పడింది. ఫోన్ నిండా ఆయన ఫోటోయే నవ్వుతూ వచ్చింది.

"చూశారా? నొప్పితో వచ్చినవాడికి మీ పళ్ళు చూపించారు," అన్నాడు బాబాయి.

ఆయనకి కోపమొచ్చి గిర్రున తిరిగారు. బకెట్ కూడా తిరిగింది. మెరిసే బూట్ల నిండా నీళ్ళు. వారం తిరక్కుండా ఆయన మెనూలో మిగిలినవి పని వేళలు, చికిత్సలు, దారి, ఫోన్. ఆ తర్వాత ఆయన కనిపించిన ప్రతివాళ్ళకీ బాబాయి అడ్రసు ఇచ్చేవారు. పాత బూట్లు వేసుకెళ్ళమని మాత్రం చెప్పేవారు.

సైకిల్ షాపాయన కథ ఇంకోరకం. ఆయన మెనూలో 'సేవలు', 'పరిష్కారాలు', 'ఉత్పత్తులు' అని గంభీరమైన మాటలుండేవి.

"టైరు పంక్చరైంది. ఏది నొక్కాలి?" అన్నాడు బాబాయి.

"సేవలు." నొక్కాడు. లేదు.

"పరిష్కారాలు." అందులోనూ లేదు.

"ఉత్పత్తుల్లో ఉన్నట్టుందండీ," అన్నాడాయన, బకెట్ బరువుకి ఒకపక్కకి ఒరిగిపోతూ.

"పంక్చర్లు మీరే ఉత్పత్తి చేస్తారా?"

ఇంట్లో కూడా బాబాయి ఊరుకోలేదు. టీవీ రిమోట్ మీద నాలుగు బటన్లు వదిలి మిగతా వాటన్నిటికీ టేపు అంటించేశాడు. పిన్ని వంటింటి డబ్బాల మీద పేర్లు చెరిపేసి, 'పొద్దున్నే', 'చుట్టాలొస్తే', 'కోపమొస్తే' అని రాశాడు. మొదటిదాంట్లో టీపొడి, రెండోదాంట్లో బిస్కెట్లు. మూడోది ఖాళీ. "అందులో ఏం పోయాలో నువ్వే తేల్చుకో" అన్నాడట పిన్నితో. పిన్ని అందులో ఆ టేపు పీకేసే చిన్న బ్లేడు దాచుకుంది.

ఇక నా వంతు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళందరూ ఒక సహకార సంఘంగా కలిశారు. సంఘానికి నేను కార్యదర్శిని. అంతకుముందు వీళ్ళందరూ ఒక ఏజెంటు కింద పనిచేసేవాళ్ళు. ఇల్లు తుడిచేది వీళ్ళు, జీతంలో వాటా కోసుకునేది అతను. ఒంట్లో బాగాలేక మానేసినా అతనికి కుంటిసాకే. చివరికి అందరూ ఒక్కమాట మీద బయటికొచ్చేశారు. వచ్చేశాక తెలిసిందేమిటంటే, పని కావాల్సిన ఇళ్ళవాళ్ళకి ఏజెంటు నంబరు తెలుసు గానీ మా నంబరు తెలీదు. వెబ్‌సైట్ పెట్టి త్వరగా పిలుపులు రప్పించుకోకపోతే అందరూ మళ్ళీ అతని గుమ్మం ముందే నిలబడాలి. అతను ఆ రోజుకోసమే కుర్చీ వేసుకుని కూర్చున్నాడని కబురు.

నేను రాత్రీ పగలూ కూర్చుని మెనూ రాసి బాబాయి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆవిర్భావం, నేపథ్యం, ఆశయాలు, పోరాటాలు, తీర్మానాలు, కరపత్రాలు, సంప్రదింపులు. చదువుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

బాబాయి బకెట్ అందించాడు. ఊరేగింపుల్లో గంటలకొద్దీ ప్లకార్డు మోసిన చెయ్యి నాది, బకెట్ ఒక లెక్కా అనుకుని పట్టుకున్నాను.

"మా ఇల్లు దుమ్ము కొట్టుకుపోయింది. మనిషి కావాలి. ఎక్కడ నొక్కను?"

"ఆశయాల్లో వివరంగా రాశాం బాబాయ్."

"దుమ్ము దులపడం మీ ఆశయమా?"

"గౌరవంగా బతకడం మా ఆశయం!"

"బ్రహ్మాండం. ముందు పని దొరకనివ్వు, బతికి చూపిద్దురు గానీ. నంబరెక్కడ?"

నా వేలు వెళ్ళి 'పోరాటాల' మీద పడింది. మా పెద్ద ధర్నా ఫోటో వచ్చింది. దాన్ని దాటి వెనక్కి వద్దామనుకునేలోగా చెయ్యి పడిపోయి బకెట్ కింద పెట్టేశాను. బాబాయి కలం తీసి ఒక్కొక్కటే కొట్టేయడం మొదలుపెట్టాడు. కొట్టేసినప్పుడల్లా నేను "అన్యాయం" అంటున్నాను, ఆయన "తీసెయ్" అంటున్నాడు. చివరికి వాటి బదులు నాలుగు మాటలు రాశాడు. ఏం పనులు చేస్తాం, ఎంత తీసుకుంటాం, పనికి పిలవండి, మేమెవరం.

"పోరాటాలు తీసేస్తే మేము మేమే కాదు," అన్నాను.

"పైనుంచే తీసెయ్యమన్నా. 'మేమెవరం' లోపల పెట్టు. లోపలికొచ్చిన వాళ్ళకి ఎంతసేపైనా చెప్పు. గుమ్మంలో ఉన్నవాళ్ళకి మాత్రం దారి చూపించు."

మర్నాడు సంఘం గదిలో అసలు పరీక్ష. మంగలిషాపు మీద ఇరుకుమెట్లు ఎక్కితే వస్తుంది మా గది. బాబాయి బకెట్ పట్టుకుని బస్సులో వచ్చాడు. కండక్టరు "చేపలా?" అని అడిగాడట. "కాదు, మెనూ" అన్నాడట.

మా అధ్యక్షురాలిని అందరం పెద్దక్క అంటాం. ఇరవై ఇళ్ళ మెట్లు ఎక్కి దిగిన మనిషి. ఆవిడ బకెట్ అందుకుని, ఫోన్ అందుకుని, బాబాయి ప్రశ్న పూర్తికాకముందే నంబరు నొక్కేసింది. ఎదురుగా నా ఫోన్ మోగింది.

"అయిపోయిందా బాబూ?" అంది పెద్దక్క. "ఇంకో బకెట్ ఉంటే కుడిచేతికీ ఇవ్వండి. ముక్కుతో నొక్కుతా."

గదంతా ఒకటే నవ్వు. ఒకరి తర్వాత ఒకరు బకెట్‌ని పూలబుట్టలా పట్టుకుని పరీక్ష పాసైపోతున్నారు. బాబాయి ముఖం వాడిపోయింది. "వీళ్ళకి బకెట్ బరువే కాదు. ఇది చెల్లదు," అని గొణుక్కుంటున్నాడు.

అప్పుడొచ్చింది మాలో అందరికంటే చిన్నది, భుజం మీద నిద్రపోతున్న పిల్లతో. గుమ్మంలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆ రోజు అజెండాలో చివరి అంశం ఆమే. చెప్పకుండా రెండుసార్లు పని మానేస్తే పేరు తీసేయాలని సంఘం తీర్మానం. ఆమె రెండుసార్లూ మానేసింది.

బాబాయి అలవాటుగా బకెట్ ఎత్తాడు. ఆమె వైపు చూశాడు. పిల్ల వైపు చూశాడు. బకెట్ మెల్లిగా కింద పెట్టేశాడు. ఆయన ఒక మనిషికి బకెట్ ఇవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు.

"నీకొద్దులేమ్మా," అంటూ ఫోన్ ఇచ్చాడు. "నీక్కావలసింది నొక్కు."

ఆమె నాలుగు మాటలూ చదివింది. మళ్ళీ చదివింది.

"రాలేనని చెప్పడం ఎక్కడుందండీ?"

"అది ఇళ్ళవాళ్ళ కోసమమ్మా," అన్నాను నేను. "నీ సంగతి తర్వాత మాట్లాడదాం."

"ఏమిటా సంగతి?" అన్నాడు బాబాయి.

పెద్దక్క చెప్పింది. ఆమె తలొంచుకుని వింది. "పాపకి జ్వరమండీ. సంఘం నంబరుకి చేస్తూనే ఉన్నా. రెండుసార్లూ ఎంగేజే. ఇంక పాప ఏడుపు."

"అయ్యో, నాకు మాత్రం తెలీదా తల్లీ?" అంది పెద్దక్క. "కానీ ఇళ్ళవాళ్ళు ఊరుకోరే. మనిషి రాకపోతే పాత ఏజెంటుకే ఫోన్ కొడతారు. అప్పుడు అందరం పోతాం."

"ఈ రెండుసార్ల రూలు ఎవరిది?" అన్నాడు బాబాయి.

"మాదే."

"అంతకుముందు?"

"ఏజెంటుదే," అంది వెనకనుంచి ఎవరో. అతన్ని వదిలేసి వచ్చాం గానీ, అతని రూలుని మాత్రం మూటలో కట్టుకుని భద్రంగా తెచ్చుకున్నామన్నమాట.

బాబాయి లాప్‌టాప్ తెరిచాడు. టకటకా కొడుతున్నాడు. తొంగి చూసి నేను నిలువునా అదిరిపోయాను.

"బాబాయ్! నువ్వు కలుపుతున్నావా?"

మెనూలో అయిదో మాట వచ్చింది. 'ఈరోజు రాలేను.'

"అది నొక్కితే అందరి ఫోన్లకీ కబురెళ్తుంది. ఖాళీగా ఉన్నవాళ్ళు ఆమె బదులు వెళ్ళండి. ఇంటికి మనిషి అందుతుంది, ఈమె పేరూ ఉంటుంది."

"ఊరందరికీ కనిపించేచోటా? లోపలెక్కడైనా పెట్టు. ఇళ్ళవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"చూడనీ. పిల్లలకి జ్వరాలొస్తాయని వాళ్ళకి మాత్రం తెలీదా?" ఆయన గొంతు పెరిగింది, వెంటనే పాప లేస్తుందని తగ్గించేశాడు. "చంకలో పిల్లతో ఎంత లోపలికని వెళ్తుంది? బొటనవేలికి అందేచోటే ఉండాలి."

"ఆ బదులు వెళ్ళేదేదో మొదట నేనే వెళ్తా," అంది పెద్దక్క. "కావాలంటే ముక్కుతో తుడుస్తా."

పాత తీర్మానాన్ని రద్దు చేస్తూ కొత్త తీర్మానం చేశాం. తీర్మానాలంటే మాకు అంత ప్రేమ. అందరి చేతులూ లేచాయి. చిన్నదాని చెయ్యి మాత్రం లేవలేదు, పిల్ల కింద ఉంది. లెక్కలో వేసుకున్నాం.

వెబ్‌సైట్ వచ్చింది. నేను భయపడినట్టే ఆ మాట అందరూ చూశారు. దాన్ని మొదట నొక్కింది మా వాళ్ళెవరూ కాదు. మా వాళ్ళు పనిచేసే ఒక ఇంటి సంగీతం టీచరమ్మ. 'ఈరోజు రాలేను' అని నొక్కి, కింద "అంటే నేనే ఇంట్లో ఉండను, మీ అమ్మాయిని బస్సు ఎక్కొద్దనండి" అని రాసింది. తాళం వేసిన ఇళ్ళ ముందు నిలబడి, వచ్చిన దారినే తిరిగిపోయి, ఆ రోజు కూలి పోగొట్టుకోవడం మా వాళ్ళకి ఎన్నేళ్ళ బాధో. ఆ తర్వాత మిగతా ఇళ్ళవాళ్ళూ ముందే చెప్పడం మొదలెట్టారు. ఒకాయనైతే తన ఆఫీసుకి తను వెళ్ళలేనని కూడా మాకే చెప్పుకున్నాడు. ఇంటికి మనిషి తప్పకుండా వస్తుందన్న నమ్మకం కుదిరాక పిలుపులు పెరిగాయి. ఏజెంటు కుర్చీ ఇంకా అక్కడే ఉందట, ఎండలో.

ఆ కబురు చెప్పడానికి బాబాయి ఇంటికెళ్ళాను. 'చుట్టాలొస్తే' డబ్బా అప్పటికే మా చెల్లెలి ఒళ్ళో ఉంది. అంటే బాబాయి కూతురు. ఆఫీసుకి సెలవు పెట్టి, బల్ల మీద కాళ్ళు చాపుకుని, బిస్కెట్లు నములుతోంది.

"అవునూ, ఆ రోజు ఆ అమ్మాయికి బకెట్ ఎందుకివ్వలేదు బాబాయ్?"

బాబాయికి హఠాత్తుగా పెరట్లో కుళాయి కారుతున్నట్టు అనుమానమొచ్చింది. లేచి వెళ్ళిపోయాడు. పిన్ని నవ్వింది.

"ఆ ఎర్రగీత చూశావుగా? అది దీని బరువు."

"ఎవరి బరువు?"

"ఇదిగో, దీనిది. ఏడాది నిండకముందు. నేను డ్యూటీలో ఉన్నా. దీనికి ఒళ్ళు కాలిపోతోంది. మీ బాబాయి దీన్ని ఎడంచేత్తో ఎత్తుకుని కుడిచేత్తో కంప్యూటర్‌లో ఆసుపత్రి నంబరు కోసం వెతికాడు. ఎక్కడ నొక్కినా ఛైర్మన్‌గారి ఫోటోనే వస్తోందట, నవ్వుతూ. చివరికి నంబరు మానేసి దీన్నెత్తుకుని రోడ్డున పడి పరిగెత్తాడు."

"ఆ వెబ్‌సైట్ చేసినవాణ్ణి నిలబెట్టి అడగాల్సింది పిన్నీ!"

"అడిగాగా. చేసింది ఈయనే." పిన్ని పెరటి వైపు చూసి గొంతు తగ్గించింది. "మర్నాటికల్లా దీనికి జ్వరం తగ్గింది. మీ బాబాయికే ఇంకా తగ్గలేదు."

"అక్కా, ఇప్పటి నా బరువుకి గీత గీయమని చెప్పు నాన్నకి," అంది చెల్లెలు ఇంకో బిస్కెట్ తీసుకుంటూ. "ఊళ్ళో ఒక్క షాపుకీ వెబ్‌సైట్ ఉండదు."

ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. ఎవరో కొత్త మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, మెరిసే బూట్లు. పెరట్లోంచి బాబాయి కేకేశాడు. "అమ్మాయ్, బకెట్!"

చెల్లెలు విసుక్కుంటూనే లేచింది. కుళాయి కింద బకెట్ పెట్టి, వంగి చూస్తూ, నీళ్ళు ఎర్రగీతని తాకేదాకా చుక్క చుక్కగా నింపింది.

"పర్లేదులేవే, కాస్త తక్కువైనా," అన్నాను.

"తక్కువైతే అది నేను కాదు కదా," అంది.

తెచ్చి ఆ కొత్తాయన చేతికిచ్చింది. ఆ బరువుకి ఆయన ఒక్క క్షణం తూలాడు. నీళ్ళు అంచుదాకా ఊగాయి. నాకు తెలీకుండానే రెండు చేతులూ ముందుకి చాచాను.

"అయ్యో, జాగ్రత్తగా ఎత్తుకోండి. మా చెల్లెలు!"