సోల్జర్ల దిబ్బ మీద నా తవ్వకాలు

మా అత్తగారి ఊళ్లో ఒకే చర్చికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. మొదటిసారి బిషప్ గారు వచ్చి చేశారు. రెండోసారి నా వల్ల జరిగింది. ఎలాగో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. ఊరంతా నవ్వాక ఇంక కొత్తగా పోయే పరువేం లేదు నాకు.

ఆటోనగర్లో నాది బేరింగుల షాపు. మా మావగారు దైవసహాయం గారు పామర్రు అవతల ఒక పల్లెలో రిటైరైన హెడ్‌మాస్టరు, అక్కడి చర్చిలో సంఘ పెద్ద కూడా. ఆయనకి ఇద్దరల్లుళ్లం. రెండో ఆయనకి గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. ఇంటికి ఎవరొచ్చినా ఆయన భుజం మీద చెయ్యేసి "మా చిన్నల్లుడు" అని పరిచయం చేసేవారు. నా దగ్గరికి వచ్చేసరికి "ఈయన విజయవాడ నుంచి వచ్చారు" అనేవారు. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆ నోట "మా పెద్దల్లుడు" అన్న మాట నలుగురిలో వినలేదు నేను. ఒక్కసారి వింటే చాలనుకునేవాణ్ణి. మీరు చిన్నల్లుళ్లయితే ఈ బాధ మీకు అర్థం కాదులెండి.

ఆ ఊరి చివర సోల్జర్ల దిబ్బ ఉంది. వెనకటికి బందరు నుంచి వచ్చిన తెల్ల సిపాయిలు అక్కడ గుడారాలు వేసుకున్నారట. ఏదో దేశంలో ఒక తాతగారు అలాంటి చోటే మిషను పట్టుకుని తిరుగుతూ పాత నాణేలు తీస్తున్న వీడియో ఫోన్లో చూశాను. అంతే, నేనూ ఒక మెటల్ డిటెక్టరు తెప్పించాను. షాపులో ఉన్న ఇనుము చాలక మట్టిలోది కూడా కావాలా అంది మా ఆవిడ సునీత. పాపం, చరిత్ర విలువ తెలియని మనిషి అనుకున్నాను.

దిబ్బ చర్చివాళ్లది కాబట్టి ఒక ఆదివారం పొద్దున మావగారి పర్మిషన్ అడిగాను. ఆయన ఆరాధనకి టైమైపోతోందని బండి ఎక్కుతూ, "తవ్వుకోండి గానీ, తాడిచెట్ల వైపు మాత్రం వెళ్లకండి" అనేసి వెళ్లిపోయారు.

కొత్త చర్చికి నాలుగు నెలల కిందట శంకుస్థాపన అయిందని నాకు తెలుసు. ఎక్కడ అయిందో తెలీదు. ఆ రోజు షాపులో స్టాకు దిగుతోందని నేను రాలేదు. తర్వాత వానలకి పని ఆగిపోయి దిబ్బంతా గడ్డి మొలిచేసింది.

ఆరాధన ఎగ్గొట్టి రెండు గంటలు తవ్వాను. మూడు సీసా మూతలు, ఒక మేకు, ఒక తుపాకీ గుండు దొరికాయి. గుండుని లుంగీతో తుడిచి చూస్తే లారీ బేరింగులోని గోళీ. నేను రోజూ అమ్మేవే, అయినా గుర్తుపట్టడానికి పావుగంట పట్టింది.

అప్పుడు మావగారి మాట గుర్తొచ్చింది. అటు వెళ్లొద్దన్నారంటే అక్కడేదో ఉంది, చిన్నల్లుడి కోసం దాస్తున్నారు అని నా బుర్రకి తోచింది. తాడిచెట్ల దగ్గరికి వెళ్లీ వెళ్లగానే మిషను కుయ్యోమంది. మూరెడు లోతులో రాగి చెంబు, మూతకి లక్క సీలు.

దాన్ని నెత్తిన పెట్టుకుని పాత చర్చి దగ్గరికి పరిగెత్తాను. అప్పుడే జనం బయటికొస్తున్నారు. సిపాయిల జీతాల చెంబు దొరికిందని చెప్పి, దొర దాన్ని హడావిడిగా పాతిపెట్టి పారిపోయిన కథ అక్కడికక్కడే అల్లేశాను. జనమంతా రెండడుగులు వెనక్కి వేశారు. గౌరవం అనుకున్నాను. పాస్టరు గారు తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డారు. ఆనందం అనుకున్నాను.

"అల్లుడు గారూ, అది తెరవకండి" అన్నారు మావగారు.

అప్పటికే నడుముకి దోపుకున్న స్క్రూడ్రైవరుతో సీలు లేపేశాను. లోపల ప్లాస్టిక్ కవరు. ఆ రోజుల్లోనే ప్లాస్టిక్ వాడారంటే దొరలు ఎంత ముందున్నారో చూడండని జనానికి చెప్పాను కూడా. కవర్లో మడతపెట్టిన చీటీలు. పైనున్నది తీసి గట్టిగా చదివాను.

"ప్రభువా, మా పెద్దల్లుడికి కాస్త బుద్ధి దయచేయుము."

ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ ఊళ్లో అంత చక్కగా రాసేది ఒక్కరే.

పాస్టరు గారు నెమ్మదిగా చెప్పారు. శంకుస్థాపన నాడు ఇంటికో ప్రార్థన చీటీ రాసి, చెంబులో పెట్టి, పునాది చోట పాతారట. అవి దేవుడు తప్ప ఎవరూ చదవకూడదట. పన్నెండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట ఊరందరి ముందూ వినబడింది, చదివింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. గొయ్యి తవ్వుకుని దూరిపోదామంటే పార దిబ్బ మీదే మర్చిపోయాను.

పై ఆదివారం మళ్లీ ప్రార్థన చేసి చెంబు పాతారు. గొయ్యి నాచేతే తవ్వించారు. మూత పెట్టబోతుంటే మావగారు ఆగమన్నారు. తన చీటీ బయటికి తీసి, జేబులోని ఎర్ర పెన్నుతో "కాస్త" కొట్టేసి "పూర్తిగా" అని దిద్దారు.

"ముందు తక్కువ అడిగానండీ" అన్నారు నాతో, ఎంతో మర్యాదగా.

అందుచేత పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ దిబ్బా తవ్వను, ఏ సీలూ లేపను. ఏ కాగితం చేతికొచ్చినా ముందు మనసులో చదువుకుని, అందులో నేను లేనని తేలాకే పైకి చదువుతాను.