ఏడుపు పూర్తయ్యేదాకా

నందిగామ బస్టాండులో మా జగ్గయ్యపేట బస్సు కదలబోతుండగా, మెట్టు దగ్గర ఇద్దరు లంబాడీ ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు. ఎవరో పోయారనుకుని నేను కిందికి దిగి, పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన ఎత్తుకున్నాను.

"ఎవరూ పోలేదమ్మా! మా చెల్లెలు. ఎన్నాళ్లకో కనపడింది. నువ్వు కాసేపు ఊరుకో," అని విసుక్కుని ఆవిడ మళ్లీ రాగం అందుకుంది.

నాకు ఒళ్లు మండింది. మా చర్చి సంఘంలో ప్రార్థనకు అడ్డొచ్చిన మనిషి లేదు.

"ఎక్కుతావా, బస్సు తీసెయ్యమంటావా?" అని కండక్టర్ అరిచాడు.

"సగం ఏడ్చి ఎట్టా వదిలేస్తామయ్యా? మా చెల్లెలు మళ్లీ ఖమ్మం ఎళ్లిపోద్ది!" అంది పెద్దావిడ.

డ్రైవర్ తల కొట్టుకుని ఇంజను ఆపేశాడు. నేను ఎక్కి నా సీట్లో కూర్చున్నాను. ఏడుపు పూర్తయ్యాక ఆవిడ తీరిగ్గా ఎక్కి నా పక్కనే కూర్చుంది. కలిస్తే అలా ఏడవడం వాళ్ల ఆచారమట. ఎవరు పుట్టారో, ఎవరికి పెళ్లయిందో అంతా ఆ రాగంలోనే చెప్పుకుంటారట.

"మీ అక్కాచెల్లెళ్లు కలిస్తే ఏడవరా?"

"ఎందుకండీ ఏడవడం? బాగున్నావా అంటాం, టీ తాగుతాం."

"అంతేనా?" అంది జాలిగా.

బైబిల్లోంచి గట్టి వాక్యం ఒకటి వినిపిద్దామని వెతికాను. ఏళ్ల తరవాత కలిసిన అన్నదమ్ములు మెడలు కౌగిలించుకుని ఏడ్చిన వాక్యమే గుర్తొచ్చింది. అది ఆవిడ పక్షం.

ఇప్పుడు ఆదివారం బడిలో ఆ భాగం వస్తే, పిల్లల చేత గబగబా చదివించను.