గవర్నరుగారి గొంతు

మా ఆయన విలెన్‌కి దేవుడిచ్చిన ఆస్తి ఒక్కటే, గొంతు. మా తాలిత్స ఊరి క్లబ్బులో ఏళ్ల తరబడి కొత్త సంవత్సరానికి మంచుతాత వేషం కట్టాడు. ఊళ్లో సగం మంది చిన్నప్పుడు ఆయన ముందు స్టూలెక్కి పద్యం అప్పజెప్పి మిఠాయి పుచ్చుకున్నవాళ్లే. రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. ఇక టీవీ ముందు కూర్చుని ఎవరు మాట్లాడితే వాళ్లలా మాట్లాడేవాడు. మా గవర్నరు గొంతయితే అచ్చుగుద్దినట్టు దిగేది. నేను వంటింట్లోంచి, "అయ్యా గవర్నరుగారూ, కాస్త చెత్త బకెట్ పారబోసి రండి" అని కేకేసేదాన్ని.

ఆ ఏడు ఉరల్ కొండల చలి సెప్టెంబరులోనే విరుచుకుపడింది. మా ఇళ్లలో వేడి మా చేతుల్లో ఉండదు. మేయరు సంతకం పెడితే ఊరి బాయిలర్లు వెలుగుతాయి, అప్పుడే గదుల్లోని గొట్టాల్లోకి వేణ్ణీళ్లొచ్చి ఇల్లు వెచ్చబడుతుంది. వరసగా కొన్నాళ్లు చలి పడితేనే సంతకమని రూలు. మధ్యలో ఒక్క రోజు ఎండ కాసిందా, లెక్క మళ్లీ మొదటికి! ఒళ్లు మండిపోయేదనుకోండి.

కింది వాటాలో అల్యోనా అప్పుడే ఆసుపత్రి నుంచి పసిగుడ్డుతో వచ్చింది. గ్యాసు పొయ్యిలన్నీ వెలిగించుకుని, బిడ్డనొళ్లో పెట్టుకుని వంటింట్లోనే కూర్చుంటోంది. బిడ్డ దగ్గు మాకు పైకి వినపడేది. ఆ రోజు మా ఆయన సూప్ ముట్టలేదు.

"కాపా, ఫోనివ్వు. మేయరుతో మాట్లాడాలి."

"నువ్వెవరివని నీతో మాట్లాడతాడు?"

"మాట్లాడేది నేను కాదు. గవర్నరు."

"మతి పోయిందా? లోపలేస్తారు!"

కింద బిడ్డ మళ్లీ దగ్గింది. ఇక ఆగలేక నంబరు నేనే నొక్కాను. ఆసుపత్రి చీట్ల కిటికీలో పనిచేసిన దాన్ని, విసుక్కోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. "గవర్నరుగారి ఆఫీసు. లైన్లో ఉండండి" అన్నాను. అవతల కుర్చీ కిర్రుమంది. లేచి నిలబడ్డాడన్నమాట మేయరు మహానుభావుడు.

మా ఆయన ఫోనందుకున్నాడు. "నమస్కారం ఎడ్వర్డ్ బోరిసొవిచ్. మీ గదిలో కోటు వేసుక్కూర్చున్నారా, తీసేశారా?"

"తీసేశానండి... హీటరుంది."

"ఊళ్లో పసిపిల్లలకుందా నాయనా హీటరు? దయచేసి ఇవాళే బాయిలర్లు వెలిగించండి."

"చిత్తమండి."

సాయంత్రానికి గొట్టాలు గుడగుడమన్నాయి. అల్యోనా పైకి పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. మా ఆయన గొట్టం మీద రెండు చేతులూ పెట్టి చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేను మాత్రం తలుపు చప్పుడైతే చాలు, పోలీసులేమోనని కిటికీలోంచి తొంగి చూసేదాన్ని.

ఓ ఆదివారం తలుపు తీద్దును కదా, మేయరే! ఒక్కడే, చేతిలో కేకు డబ్బా. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి విలెన్ సవేల్యెవిచ్ గారూ. కాపా పిన్నీ, కాస్త టీ పొయ్యి" అంటూ వంటింటి బల్ల దగ్గర చేరాడు. "ఆరేళ్లుగా గవర్నరు ఫోన్లు చేస్తున్నాడు. 'ఏమయ్యా' తప్ప పేరెట్టి పిలిచిన పాపాన పోలేదు. మీరు 'దయచేసి' అన్నారు చూడండి, అప్పుడే పట్టేశాను. స్టూలెక్కి పద్యం చెప్పినవాణ్ణి, ఈ గొంతు మర్చిపోతానా?"

"తెలిసే వెలిగించావుట్రా నాయనా!" అన్నాను.

"నా అంతట నేను వెలిగిస్తే ఉద్యోగం ఊడేది పిన్నీ. పైవాళ్లు అడిగితే, ఎవడో గవర్నరులా మాట్లాడి మోసం చేశాడన్నాను. వెధవనన్నారు, పడ్డాను. వెలిగించాక ఆర్పేస్తే ఊరు ఊరుకుంటుందా? ఆర్పమనే ధైర్యం వాళ్లకీ లేదు."

నేను అతని పళ్లెంలో కేకు ఇంకో పెద్ద ముక్క వేశాను. వెళ్తూ వెళ్తూ బూట్లు తొడుక్కుని గుమ్మంలో ఆగాడు.

"వచ్చే ఏడు ఇంకాస్త ముందే ఫోన్ చేయండి, మా అమ్మకీ చలి ఆగట్లేదు. కానీ గవర్నరు వద్దండి, ఒకే గొంతుకి రెండుసార్లు మోసపోయానంటే ఎవరూ నమ్మరు. మంత్రిగారి గొంతు నేర్చుకోండి."

ఆ రోజు నుంచీ మా ఇంట్లో చెత్త బకెట్ మంత్రిగారే పారబోస్తున్నారు.