ఐస్ ఫ్యాక్టరీ ఏకాంబరం మామ వేసిన మంచు అడవి

నిన్న పొద్దున ఆఫీస్ బస్ ఎక్కి కూర్చున్నానో లేదో, అత్త ఫోన్ చేసింది.

"మామ లేవలేదు పాపా" అంది.

ఇంకా నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. అత్త ఏడుపు వినిపించేసరికి అర్థమైంది. తర్వాతి స్టాప్‌లో దిగి, ఆటో పిలవాలని కూడా తోచక చాలా దూరం నడిచాను.

మా అమ్మకు అన్న, మా ఏకాంబరం మామ, ఇక లేడు.

మీలో చాలామందికి మామ అంటే చెన్నై రాయపురం ఐస్ ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. చేపల పడవలకు ముప్పయ్యేళ్లు ఐస్ దిమ్మలు మోశాడు. ఆ చలికి కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ పోయింది.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆయన పెయింటింగ్ గురించి.

రిటైరయ్యాక నాతోపాటు సండే ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరాడు. అందరం సముద్రం, పడవలు వేస్తుంటే, మామ మంచు కురిసిన అడవి వేస్తానన్నాడు.

ఎందుకని అడిగాను.

"పడవలు చూసీ చూసీ విసుగు పుట్టింది పాపా."

మాస్టారు ఒప్పుకోలేదు. "చూడనిది వేస్తే తెలిసిపోతుంది. ఎగ్జిబిషన్‌లో దాన్ని పెట్టను" అన్నారు.

మొదటిసారి నిజంగానే తెలిసిపోయింది. ట్యూబ్‌లోని తెలుపంతా పిండి బొమ్మలోని నేలకు పూసేశాడు. వేళ్లలోంచి బ్రష్ జారిపోయి కొమ్మలన్నీ వంకర పోయాయి. అత్త చూసి, "ఇదేంది, ఉప్పు పండే ఉప్పళం మాదిరి ఉండాదే" అంది.

మామ ఆ బొమ్మను గోడ వైపు తిప్పేసి, రెండు రోజులు బ్రష్ ముట్టలేదు.

మూడో రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని పాత ఫ్యాక్టరీకి వెళ్లాడు. అప్పుడే డబ్బాలోంచి తీసిన ఐస్ దిమ్మను ఎండలోకి జరిపించి, దాని ముందు గొంతుకూర్చున్నాడు.

"చూడు పాపా, ఇది తెల్లగా ఉండాదా? పగులు కాడ నీలం. నీడ పడిన చోట ఊదా. ఎండ తగిలిన అంచు పసుపు. ఇన్నేండ్లు మోసినా, సరిగ్గా ఈ పొద్దే చూస్తా ఉండా."

ఇంటికొచ్చి కొత్త కాన్వాస్ ఎక్కించాడు. బ్రష్ పక్కన పడేసి, రంగులు కలిపే చిన్న కత్తిని పిడికిట్లో బిగించాడు. ఐస్ పగలగొట్టే ఉలిని పట్టుకునే పట్టే అది. నీడలకు నీలంలో కాస్త ఊదా కలిపి పలచగా వేశాడు. అది ఆరాక, చిక్కటి తెలుపును కత్తి అంచుతో కొమ్మల మీదుగా తేలిగ్గా లాగి వదిలాడు.

కొమ్మల మీద మంచు నిలబడింది. నేను చూస్తుండగానే.

మన చెన్నై ఉక్కకు ఆయిల్ ఒక పట్టాన ఆరదు. పొర పొరకూ వారాలు ఆగాల్సి వచ్చింది. అత్త తన టేబుల్ ఫ్యాన్‌ను కాన్వాస్ వైపు తిప్పేసి, తను విసనకర్రతో కూర్చుంది.

పూర్తయిన బొమ్మ ముందు మాస్టారు చాలాసేపు నిలబడ్డారు.

"నేనే తప్పు చెప్పాను ఏకాంబరం గారూ" అన్నారు.

"మొదటిది ఉప్పళమే కదా సార్. మీరు చెప్పింది సరే" అన్నాడు మామ.

ఎగ్జిబిషన్‌లో హాలు గుమ్మానికి ఎదురుగా దాన్నే పెట్టారు. ఆర్మీలో మంచుకొండల్లో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన దాని దగ్గరే ఆగిపోయాడు. వెంట వచ్చినవాళ్లు పిలిచినా కదల్లేదు.

"ఇది తెల్లవారేటప్పటి మంచు. ఎండ ఇప్పుడే తగిలింది. మీరెక్కడ చూశారు?" అని మామను తమిళంలో అడిగాడు.

మామ నిటారుగా నిలబడ్డాడు.

"రాయపురంలో సార్."

ఆ రోజు మామ నడక చూడాలి మీరు. అత్త చెయ్యి పట్టుకుని హాలంతా తిప్పాడు. బొమ్మ బాగుందన్న ప్రతి ఒక్కరికీ ఆమెను చూపించి, "ఫ్యాన్ ఈమెది" అని చెప్పాడు. అత్త సిగ్గుతో ముఖం తిప్పుకుంది కానీ, చెయ్యి మాత్రం వదిలించుకోలేదు.

పోయిన ఆదివారం కూడా క్లాసుకొచ్చాడు. కొత్తగా చేరినవాళ్లకు కత్తి ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా చూపించాడు.

అనుకున్నది సాధించి మరీ వెళ్లావు మామా. మోసిన బరువులన్నీ దించేసి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకో.