వాగుకి బిగించిన కొళాయి

వీధిలో అతన్ని అందరూ వాషరన్న అంటారు. ఏ ఇంటికి పిలిచినా, కారుతున్న కొళాయి వంక ఒక్క చూపు చూసి "వాషరు పోయిందమ్మా" అనడం అతని అలవాటు. గొట్టం పగిలి వంటగదంతా చెరువై ఉన్నా సరే, మొదట ఆ మాటే వస్తుంది. అలా ఆ పేరు అతుక్కుపోయింది. మనిషి మాత్రం అరిగిపోయాడు. సింకు కింద దూరినవాడు మళ్ళీ లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. మోకాళ్ళకి కొత్త వాషరు వేసేవాడు ఇంకా పుట్టలేదు మరి.

అలాంటివాడికి ఇంట్లో వాగు కట్టాలన్న పిచ్చి పట్టింది. పుర్రెకో బుద్ధి అని వీధివాళ్ళు నవ్వారు. నవ్వేందుకేముంది? రోజంతా అతను చూసేవి వెళ్ళకూడని చోటికి వెళ్ళే నీళ్ళే. గోడల్లోకి, కరెంటు బోర్డుల్లోకి, కింది వాటా వాళ్ళ నెత్తి మీదికి. నీళ్ళు తమ దారిన తాము పోతుంటే కాసేపు కూర్చుని చూడాలని ఉండదూ? ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకావిడ, మోసుకెళ్ళలేక, పెద్ద గాజుతొట్టి ఒకటి అతనికి ఇచ్చేసింది. అందులో కట్టేదాన్ని పాలుడేరియం అంటారని చేపల కొట్టతను చెప్పాడు. సగం గట్టు, సగం నీళ్ళు, గట్టు మీద మొక్కలు, మధ్యలో పారే ధార. ఆ పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. వాగు అనేశారు.

"ఊళ్ళోవాళ్ళ లీకులన్నీ కట్టేసొచ్చి, మనింట్లో కొత్త లీకు పెడుతున్నావా?" అంది భార్య. ఆవిడ ముందుగదిలోనే కుట్టుమిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

సెలవు రోజుల్లో కొంచెం కొంచెంగా కట్టాడు. వెనక గాజుకి థర్మోకోలు అంటించి, దానిమీద సిలికాను జిగురుతో రాళ్ళు అతికించాడు. ఆ జిగురుకి ఇల్లంతా వెనిగరు వాసన కొట్టింది. చిన్న మోటారు ఒకటి నీళ్ళ అడుగున దాచి, నీళ్ళు పైకి ఎక్కి రాతిమెట్ల మీదుగా జారేలా చేశాడు. మొదటిసారి స్విచ్చి వేస్తే ధార రాళ్ళ వెనక్కి తిరిగి, గాజు అంచు దాటి, నేల మీదికి వచ్చింది.

"వాషరు పోయిందా?" అంది భార్య, మిషను ఆపకుండా.

అతనికీ నవ్వొచ్చింది. రెండు రాళ్ళు పీకి మళ్ళీ పేర్చాడు. సందుల్లో నాచు కుక్కాడు, ఎండుమొద్దుకి ఫెర్ను మొక్కలు దారంతో కట్టాడు, మనీప్లాంటు వేళ్ళు నీళ్ళలోకి వదిలాడు. చేపలు అప్పుడే వెయ్యొద్దనీ, ముందు నీళ్ళు కుదురుకోవాలనీ కొట్టతను చెప్పడంతో, చాలా రోజులు వట్టి వాగే పారింది. పని నుంచి వచ్చి, సంచీ దించి, ఒళ్ళు హూనమై దాని ముందు కూలబడితే, అన్నానికి లేపేసరికి భార్యకి తలప్రాణం తోకకొచ్చేది.

గొడవంతా అమ్మతో వచ్చింది.

అమ్మ ఒకప్పుడు బడిలో ఆయా. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక, వాళ్ళు వదిలేసిన కొళాయిలన్నీ తిరిగి కట్టెయ్యడం ఆవిడ పని. ఒక్కటి మరిచిపోయినా పొద్దున్నకి టాంకీ ఖాళీ, హెడ్మాస్టరుగారి చివాట్లు. ఇప్పుడు ఆవిడకి చాలా సంగతులు పోయాయి. కోడలి పేరు పోయింది. భర్త లేడన్న సంగతి పోయింది. కొడుకు మొహం పోయింది. సంచీలో పానాలు పెట్టుకుని తిరిగే ఇతను, బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరనుకుంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కొళాయి కట్టే బుద్ధి ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు, అయినా అదొక్కటే మిగిలింది.

"ఏమయ్యా, పొద్దుటినుంచీ ఇక్కడే కూర్చున్నావు, ఇంకా కారుతూనే ఉందేం?" అనేది వాగు చూపించి.

"అయిపోతోందమ్మా."

ప్లంబరన్నవాడు ఏ ఇల్లాలినైనా అమ్మా అనే పిలుస్తాడు. ఆ పిలుపు అలా దక్కింది అతనికి.

నీళ్ళ చప్పుడు వినిపించడమే ఆలస్యం, ఆవిడ వెళ్ళి మోటారు స్విచ్చి ఆపేసేది. చేపలు లేనన్నాళ్ళూ అదొక నవ్వులాట. తర్వాత చేపలొచ్చాయి. రాతిని కరుచుకుని ధారకి ఎదురు నిలబడే చిన్న చారల చేపలు. "ఇవి పారే నీళ్ళలో పుట్టినవన్నా, మోటారు ఆగితే వీటికి ఊపిరాడదు" అని మరీ మరీ చెప్పాడు కొట్టతను. సంచీ విప్పి వదలగానే ఒకటి పోయి ధార కింది రాయికి అతుక్కుంది. భార్య మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి చూసింది.

"దీని మొహం చూడు, అచ్చం నీలాగే ఉంది. పట్టుకుంటే వదలదు" అంది.

ఆ వారంలోనే ఒకరోజు భార్య యూనిఫారాలు ఇవ్వడానికి బయటికి వెళ్ళిన వేళ, అమ్మ స్విచ్చి ఆపింది. అతను వచ్చేసరికి వాగు చప్పుడు లేదు. చేపలు చాలావరకు అడుగు ఇసుక మీద తెల్లగా పడి ఉన్నాయి. రెండు మాత్రం కొనఊపిరితో నోళ్ళు తెరుస్తున్నాయి. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఏం చేశావమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అని అరిచాడు.

ఆవిడ గోడకి ఒదిగిపోయింది. రెండు చేతులూ జోడించింది. "పొరపాటైందండీ. ఇంకెప్పుడూ చెయ్యను. హెడ్మాస్టరుగారికి మాత్రం చెప్పకండి" అంది.

కన్నతల్లి చేత దణ్ణం పెట్టించుకున్నానే అని అతను సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు స్విచ్చిని బీరువా వెనక్కి మార్చాడు. మిగిలిన రెండు చేపలూ బతికాయి. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకోటి మొదలైంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, ఆపే దారి కనిపించదు. ఆవిడ వంటగదిలోకి, స్నానాలగదిలోకి, మళ్ళీ వంటగదిలోకి తిరిగింది. కట్టే ఉన్న కొళాయిలని ఇంకా బిగించి బిగించి నిజంగానే వాషర్లు పోగొట్టింది. కూర్చోదు, తినదు. పాదాలు పొంగిపోయాయి. "ఎక్కడో పోతోంది, ఎక్కడో పోతోంది" అని ఒకటే మాట.

ఆవిడ వెంట తిరిగి తిరిగి భార్య చేతులెత్తేసింది.

"ఇక నావల్ల కాదు. ఆవిడ గదికి బయట గడియన్నా పెట్టు, ఆ వాగన్నా తీసెయ్" అంది. చెడ్డదై అన్న మాట కాదది. అలిసిపోయి అన్న మాట.

గడియ సంచీలోనే ఉంది. అమ్మ గది తలుపు మీద పెన్సిలుతో గుర్తులు పెట్టాడు, డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. లోపల మంచం మీద నుంచి ఆవిడ చూస్తోంది.

"తలుపు కూడా చూస్తున్నావా? మంచిది నాయనా, చల్లగా ఉండు."

అతను డ్రిల్లు కింద పెట్టేశాడు. కొట్టతనికి ఫోను చేసి, తొట్టి వచ్చి పట్టుకెళ్ళమన్నాడు.

నీళ్ళు తోడెయ్యడానికి బకెట్టు తెచ్చుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. అమ్మ వచ్చి పక్కన నిలబడింది. ధార పైకెక్కే గొట్టం వెంట చెయ్యి పెట్టి తడుముకుంటూ పోయింది. చివరిదాకా వెళ్ళి, ఏమీ దొరక్క, గాలిలోనే మణికట్టు తిప్పింది.

"కొళాయేదయ్యా? కొళాయి పెట్టకుండా నీళ్ళెలా వదిలావు? ఎవరు నేర్పారు నీకు పని?" అని కసిరింది.

అతను బకెట్టు పక్కకి నెట్టాడు. నిజమే కదా! ఇన్నేళ్ళ పనిలో కొళాయి లేకుండా ఏ ఇంట్లో నీళ్ళు వదిలాడు గనక?

పాత సామాను డబ్బాలోంచి ఒక ఇత్తడి కొళాయి తీశాడు, బడుల్లో ఉండే రకం, తిప్పితే కీచుమనేది. మోటారు గొట్టాన్ని రెండుగా చీల్చాడు. ఒకటి ఎప్పటిలా పైకి, ఇంకోటి నీళ్ళ అడుగునే. పైకెళ్ళే దానికి, అమ్మ చేతికి అందేంత ఎత్తులో, నార చుట్టి కొళాయి బిగించాడు. అది కడితే ధార ఆగుతుంది, చప్పుడు ఆగుతుంది. నీళ్ళన్నీ అడుగు గొట్టంలోంచి వస్తాయి, చేపలకి ఏ లోటూ ఉండదు. నాచు ఎండకుండా పొద్దున్నే మళ్ళీ తను తిప్పుకుంటే సరి. కొట్టతనికి మళ్ళీ ఫోను చేసి, రావద్దన్నాడు.

"చూడమ్మా" అన్నాడు.

ఆవిడ కొళాయి పట్టుకుంది. కీచుమంది. రాళ్ళ మీది ధార సన్నబడి, బొట్లయి, ఆగిపోయింది. అడుగున రెండు చేపలూ రాతిని కరుచుకుని, ప్రవాహానికి తోకలాడిస్తూనే ఉన్నాయి. ఆవిడ అటు చూడలేదు. చాలారోజుల తర్వాత కుర్చీలో కూర్చుంది. కూర్చునే చెయ్యి చాపి, బిగింపు దగ్గర వేలితో తడిమింది.

"నార చుట్టావే. మావాడూ ఇంతే, నార చుడతాడు. ఒక్క చుక్క కారనివ్వడు" అంది.

అతను చేతిలో పానా కింద పెట్టాడు. "మీవాడు ఎక్కడున్నాడమ్మా?"

"పనికెళ్ళాడు. ఎవరు పిలిచినా పోతాడు, వేళకి ఇంటికి రాడు." అతని మొహంలోకి చూసింది. "నువ్వూ బాగా అలిసిపోయినట్టున్నావు. ఇక పని చాలుగానీ, ఇంటికెళ్ళు నాయనా. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

అతను తలూపాడు. ఆవిడ చూస్తుండగానే పానాలన్నీ సంచీలో సర్దాడు, చెప్పులేసుకున్నాడు, "వెళ్ళొస్తానమ్మా" అని చెప్పి తన ఇంట్లోంచి తను బయటికి నడిచాడు. మెట్ల మీద కూర్చున్నాడు.

భార్య బజారు నుంచి వచ్చి చూసి కంగారు పడింది. "ఇక్కడ కూర్చున్నావేంటి? ఏమైంది?"

"మా అమ్మ ఇంటికెళ్ళమంది" అన్నాడు.

ఆవిడ చేతిలో సంచీ దించి, అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది.