నడిమి జాగ

మా అక్క మెట్టినూరు మిరుదొడ్డి దాటాక వస్తుంది. ఊరి వెనుక రెండు గుట్టలు, వాటి నడుమ పల్లం. ఊరివాళ్లు దాన్ని నడిమి జాగ అంటారు. దానికి లోయ అని పేరు పెట్టి లోకానికి చూపించింది నేను. ఊరంతా అనుకున్నట్టు మా అక్క కాదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సిద్దిపేటలో నాకు టైల్స్ దుకాణం ఉంది. కుదురుగా కూర్చోలేని మనిషిని. బేరం లేకపోతే బండి తీసి అక్కడికి పోయేవాణ్ని. చలి తగ్గాక మోదుగులు పూసి గుట్ట వాలు ఎర్రబడేది. ఎండాకాలం కాలిన రాళ్లు తప్ప ఏమీ ఉండవు, అయినా పోయేవాణ్ని. వానలకు రాళ్ల సందుల్లోంచి సన్నగా ఒర్రె పారేది. ఆ తర్వాత తంగేడు, గునుగు. పల్లమంతా పసుపూ తెలుపూ. చలికాలం పొద్దున మంచు కమ్ముకుంటే అవతలి గుట్ట కనిపించేది కాదు.

ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. బతుకమ్మ పండుగ మొదలయ్యే ఎంగిలిపూల నాటికి ముందురోజు దాకా నడిమి జాగలో ఎవరూ కొమ్మ తెంపరు. ఆ పొద్దున ఆడవాళ్లంతా కలిసి దిగుతారు.

అది తెలిసి కూడా, నిరుడు పండుగ ఇంకా వారం ఉందనగానే పూల వీడియో తీసి, నా పేరు లేని పేజీలో పెట్టాను. దారి కూడా చెప్పాను. వేలమంది చూస్తుంటే దుకాణంలో ఫోన్ కింద పెట్టలేకపోయాను.

ఆదివారానికి బండ్లు, కార్లు వచ్చాయి. ఎవరో ట్రాలీ ఆటో తెచ్చి తంగేడు కొమ్మలు నరికి బజారుకు తోలుకుపోయారు. ఆడవాళ్లు దిగేసరికి మిగిలింది మోళ్లు, సీసా పెంకులు.

ఆ పొద్దున అక్కను పండుగకు తీసుకుపోదామని నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆడవాళ్లు ఖాళీ గంపలతో వాకిట్లోకి వచ్చారు.

"ఏం వదినె, మీ సిద్దిపేటోళ్లకు చెప్పకుంటే బువ్వ అరగదా?" అంది పక్కింటామె.

"నేనెవ్వలకు చెప్పలే."

"మరి గాలికి తెలిసిందా? గీ తమ్ముడు ఊకూకె ఎందుకొస్తుండు?"

"మా తమ్ముడు గుట్టలు జూసి పోతడు. గసోంటి పని చేసేటోడు కాదు. చెప్పురా!"

నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. తాగాను. "నాకేం తెలుసు," అన్నాను.

తర్వాత వీడియో తీసేశాను. అప్పటికే ఎవరెవరో దాచుకుని మళ్లీ పెట్టారు. ఊరి ఆడవాళ్లు అక్కను నాట్లకు పిలవడం మానేశారు. నేను మోదుగుల కాలంలో వెళ్లాను, ఎండల్లో వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఈరోజు చెప్పేస్తాననుకోవడం, గుట్ట మీద కాసేపు అటూ ఇటూ తిరగడం, బండెక్కడం.

వానల్లో అక్క ఫోన్ చేసింది. "నీ బండి సప్పుడు ఇనబడ్డది. ఇంట్లకు రాకుండనే పోయినవేందిరా?"

దుకాణంలో పని ఉందన్నాను.

ఈ ఏడు ఆడవాళ్లు పూలకు దిగే పొద్దున వాళ్లకన్నా ముందే పోయి దారిలో నిలబడ్డాను. అక్క గంప పట్టుకుని అందరికీ వెనుక, ఒక్కతే వస్తోంది. పక్కింటామె నన్ను చూసి ఆగింది. వీడియో పెట్టింది నేనేనని చెప్పాను. అక్కకు తెలియదని చెప్పాను.

"ఏడాది పట్టిందా అయ్యా నోరు తెరువనీకి?" అంది ఆమె. "గా దినం నీళ్లు గటగట తాగినవ్."

ఒకామె నవ్వింది. అక్క నవ్వలేదు. నా ముఖం కూడా చూడకుండా కొంగు నడుముకు దోపుకుంది. వెనుక మోటార్ సైకిళ్ల చప్పుడు వినిపించింది.

"మాటలు తర్వాత," అంది. "ముందుగాల గా బండ్లను ఆపు, పో."

పోయాను. రెండు బండ్ల మీద యువకులు.

"అన్నా, పూల లోయ గిదేనా? వీడియోల జూసినం."

"ఇదే. ఇయ్యాల పోవద్దు."

"వద్దననీకి నువ్వెవలు?"

"ఆ వీడియో తీసినోణ్ని."

నమ్మలేదు. అయినా ఇంజన్లు ఆపారు. వెనక్కి తిరిగి చూశాను. ఆడవాళ్లు పల్లంలోకి దిగుతున్నారు. దూరానికి చీరలన్నీ కలిసిపోయాయి. అక్క ముందుందో వెనుకుందో తెలియలేదు. వెతుకుతుండగానే మలుపు దగ్గర ఇంకో బండి హారన్ కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టాను.