దంతపు పెట్టె మీది మేడ

మా ఇంట్లో ఒక దంతపు పెట్టె ఉంది. లోపల గంధపు చెక్క, పైన ఏనుగుదంతపు రేకులు. రేకుల మీద సన్నని గీతలు చెక్కి, వాటిలోకి నల్ల లక్క ఎక్కించి బొమ్మ వేశారు. ఒకప్పుడు విశాఖపట్నం ఈ పనికి పేరు పడ్డ ఊరు. మా కుటుంబానికి ఉన్నవాటిలో మిగిలింది ఇదొక్కటే. దంతం అమ్మడానికి ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. మిగలడానికి అదీ ఒక కారణమే.

మూత మీద మేడ ఉంటుంది. రెండంతస్తులు, ఎడమ పక్క గుండ్రటి బురుజు, కప్పు మీద వరసగా పొగగొట్టాలు. ముందు పచ్చికలో రెండు జింకలు, ఒకటి మేస్తూ, ఒకటి తల తిప్పి చూస్తూ. అది మా మేడ అని నాన్నగారు చెప్పేవారు. ఆయనకు తాతగారు చెప్పారు. పాత పోస్టాఫీసు వైపు ఉన్న ఆ మేడ నేను పుట్టకముందే చేతులు మారి, గోదామై, తర్వాత కూలిపోయింది. ఫొటో ఒక్కటీ లేదు. నాన్నగారు పెట్టెను కిటికీ వెలుతురులోకి తెచ్చి చిటికెనవేలి గోటితో చూపించేవారు. ఇది మీ ముత్తాతగారి గది. ఇక్కడ నిలబడితే ఓడలు కనిపించేవి. జింకల్ని మన్యం నుంచి తెప్పించి పెంచారట. పొగగొట్టాల గురించి మాత్రం మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఏడాదిలో సగం రోజులు ఒళ్ళంతా చెమటతో తడిసే ఊళ్ళో గదిగదికీ చలిమంట ఎందుకన్నది అడగవలసిన ప్రశ్నే.

ఈమధ్య ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. మా మేనత్త కొడుక్కి ఆటోనగర్‌లో గేట్లు, గ్రిల్సు చేసే షెడ్డు ఉంది. ఆ అపార్టుమెంట్ల గేట్లు వాడే చేశాడు. ఒక ఆదివారం వచ్చి, టీ తాగుతూ పెట్టె తియ్యమన్నాడు.

“బిల్డరు కింద హాల్లో పెద్ద బొమ్మ పెడతాడట బావా. ఇక్కడ మీవోల్ల మేడ ఉండీదని కింద మీ ఇంటిపేరు ఏయిస్తాడు. మా బావ కాడ బొమ్మ ఉందని నానే సెప్పాను.”

“నన్ను అడక్కుండానే?”

“అడిగితే ఒద్దంతావ్. అందుకే ముందు సెప్పీసేను.”

నేను వద్దనలేదు. గోడ మీదైనా సరే, ఆ స్థలంలో మా ఇంటిపేరు మళ్ళీ కనిపిస్తుందంటే వద్దనడం నా వల్ల కాలేదు. వాడు మూతను ఫోనులో ఫొటో తీసుకుని వెళ్ళాడు.

ఆ వారంలోనే రుషికొండ దగ్గర ఒక హోటల్లో పాత విశాఖ చేతిపనుల ప్రదర్శన జరిగింది. పెట్టె గురించి నాలుగు మాటలు తెలిస్తే బొమ్మ కింద రాయించవచ్చని వెళ్ళాను. తాబేటి చిప్ప దువ్వెనలు, కొమ్ము పిడుల కత్తులు చూసుకుంటూ వెళ్ళి, ఒక అద్దాల బీరువా ముందు ఆగాను. అందులో కుట్టుసామాను దాచుకునే పెట్టె ఉంది. మూత మీద మా మేడ. ఎడమ పక్క బురుజు. పొగగొట్టాలు. రెండు జింకలు, ఒకటి మేస్తూ, ఒకటి తల తిప్పి.

పక్కనే తెలుగులో వివరం రాసి ఉంది. దొరసానులు ఇంగ్లండు నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు తెచ్చిస్తే, ఇక్కడి పనివాళ్ళు వాటిని చూసి దంతం మీద చెక్కేవారట. అక్కడి పెద్ద పెద్ద భవంతుల బొమ్మలకు గిరాకీ ఎక్కువ. ఒకే అచ్చుబొమ్మ చాలా పెట్టెల మీదికి ఎక్కేది. చెక్కినవాళ్ళెవరూ ఆ ఇళ్ళను చూసి ఎరగరు.

నేను ఆ జింకల్ని చాలాసేపు చూశాను. తల తిప్పిన జింక చెవి దగ్గర మా పెట్టెలో ఒక గీత ఎక్కువ పడింది. తేడా అంతే.

మర్నాడు షెడ్డుకు వెళ్ళి మా వాడికి చెప్పాను. వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి తోసుకుని అంతా విన్నాడు.

“అయితే ఏటి బావా? ఆ ఇంగ్లండోడు ఇక్కడ ఫ్లాటు కొంటాడేటి, మా ఇల్లని అడగడానికి?”

“మనకు తెలుసు కదా.”

“తెలిస్తే ఏటి? నిజం మేడ ఎలాగుండీదో నీకూ తెల్దు, నాకూ తెల్దు. గోడ మీద ఏదో ఒకటి ఉండాల గదా. తాతల కాడినుంచీ ఇదే సెప్పుకున్నాం.”

“వాళ్ళు తెలియక చెప్పారు. మా మేడ పోయింది. పోయిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. ఇంకొకడి మేడ చూపించి మాదని చెప్పుకోను.”

వాడు చేతిలోని ఇనపముక్కను బల్ల మీద పడేశాడు. “మీ ఇంట్లో ఎవులికీ నడుం వంగదు బావా. వంగుంటే ఆ మేడే ఉండీది, బొమ్మతో పనేటి?”

బొమ్మ అప్పటికే తయారైపోయిందనీ, ఇక బిల్డరు ఆపడనీ చెప్పాడు. కావాలంటే పేరు వెయ్యకుండా ఒగ్గీమని చెబుతానన్నాడు. పేరు ఉండకూడదన్నాను.

రెండు నెలల తర్వాత అటు పని పడితే లోపలికి వెళ్ళి చూశాను. బొమ్మ గోడంత ఉంది. జింకలు నిజం జింకలకన్నా పెద్దవి. కింద పేరు లేదు, నేను అడిగినట్టే. ఫ్లాటు కోసం వచ్చాననుకుని వాచ్‌మన్ దగ్గరికి వచ్చాడు.

“పాత బంగళా అండి. ఇక్కడే ఉండీదట. ఎవులో ఇంగిలీసు దొరదట.”

“ఎవరు చెప్పారు?”

“అందరూ అలాగే అంతన్నారండి. పేరు లేదు గదా మరి. ఆ పొగగొట్టాలు సూడండి, మనోల్లు కడతారేటి అలాటివి?”

మూడు తరాల్లో మేము అడగని ప్రశ్న అది.

“మరి ఆ జింకలు?” అన్నాను.

“పెంచీవోరటండి. మన్నెం నుంచి తెప్పించి. గేట్లు బిగించినాయన సెప్పేడు.”

మేడ మాది కాదని తేల్చినవాణ్ణి నేనే. ఆ లెక్కన జింకలూ మావి కావు. ఆ మాట అతనికి చెప్పాలి.

“అవును, మన్యం నుంచే,” అని చెప్పి బయటికి వచ్చాను.